బొక్కలను అడిగే హక్కు ఎవరిది?

శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి పక్కన, రంగసముద్రం కట్ట మీద సాగిన సంవాదం ఇది. మామ తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. మేనకోడలు హైదరాబాద్‌లో పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. తవ్వకాల్లో బయటపడిన మనుషుల ఎముకలను పరీక్షించి, వాళ్లెవరో తేల్చే విద్య ఆమెది. ఆ పని తగునా, తగదా అన్నదే ఇద్దరి మధ్య తగువు.

మామ: సూటిగా అడుగుత బిడ్డా. మనిషి పోయినంక బొంద పెడతం, దినాలు చేస్తం, పెత్రమాస నాడు పేరు చెప్పి బియ్యమిస్తం. బతికున్నోళ్లు చెయ్యాల్సింది అంతటితో అయిపాయె. మూడు నాలుగు వందల ఏండ్ల తర్వాత ఎవరో వచ్చి, మట్టి తీసి, ‘నువ్వెవరు, ఏ ఊరు’ అని బొక్కలను అడుగుడేంది? ఆ హక్కు మీకు ఎవరిచ్చిండ్రు?

మేనకోడలు: పేరు చెప్పి బియ్యమిస్తమన్నవ్ గదా మామా. తమ మనిషిని ఎక్కడ పెట్టిండ్రో తెలియనోళ్లు ఏం చెయ్యాలె? జార్జియా అని ఒక దేశం ఉన్నది. ఆ దేశంల కఖేతి రాజ్యానికి రాణి కెతెవాన్. మతం మారనన్నందుకు పర్షియా రాజు షా అబ్బాస్ 1624ల షిరాజ్ నగరంల ఆమెను చిత్రహింసలు పెట్టి చంపించిండు. అక్కడ ఉన్న అగస్టీనియన్ సాధువులు ఆమె అవశేషాలను దాచి, 1627ల కొన్నిటిని గోవాల ఉన్న తమ మఠానికి తెచ్చిండ్రు. అప్పటి గోవా మన దిక్కు పోర్చుగీసోళ్ల రాజధాని. తర్వాత వాళ్ల ప్రభుత్వమే మఠాలను మూసేసింది, 1842ల ఆ మఠం చర్చి పైకప్పు కూలింది. అట్ల రాణి ఎముకలు రాళ్లకుప్పల కలిసిపోయినయి. జార్జియా చర్చి ఆమెను పుణ్యవతిగా కొలుస్తది. కొలుస్తరు గాని, ఎక్కడున్నదో తెలియదు.

మామ: మరి ఎట్ల దొరికింది?

మేనకోడలు: ముందు కాగితం దొరికింది. మఠంల ఏ మందిరంల, ఏ కిటికీ దగ్గర రాతిపెట్టెల పెట్టిండ్రో పాత పోర్చుగీసు రాతపతుల ఉన్నది. కూలిన గోడల నడుమ ఆ మందిరం ఏదో పురావస్తు శాఖ వాళ్లు పునాదులను బట్టి గుర్తుపట్టిండ్రు. 2004ల అక్కడ చేతి ఎముక ఒకటి బయటపడ్డది. దాన్ని మన ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకు పంపిండ్రు. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ తీసి చూస్తే ‘యూ1బీ’ అనే వంశరేఖ వచ్చింది. అది మన దేశంల కనబడదు, జార్జియా దిక్కు ఉంటది. 2014ల ఆ ఫలితం అచ్చయింది. 2021ల మన విదేశాంగ మంత్రి జైశంకర్ టిబిలిసికి పోయి ఆ అవశేషాలల్ల ఒక భాగాన్ని జార్జియాకు అప్పగించిండు. దాదాపు నాలుగు వందల ఏండ్లకు రాణి ఇంటికి పోయింది. అడగకుంటే పోయేదా?

మామ: పోవుడు మంచిదే. గాని రాణి గాబట్టి పోయింది. ఆమె కోసం రాతలున్నయి, వెతికే రాజ్యమున్నది. ఆ రాత లేకుంటే నీ డీఎన్‌ఏ ఏం చెప్తుండె? ‘జార్జియా దిక్కు ఆడమనిషి’ అంటుండె, అంతే. కెతెవాన్ అని చెప్పగలుగుతుండెనా?

మేనకోడలు: చెప్పలేకపోతుండె. ఆ శాస్త్రవేత్తలు కూడా ‘ఆమెదే అయి ఉండొచ్చు’ అనే రాసిండ్రు, తేల్చి చెప్పలే. ఈ విద్యల ఒక్క సాక్షి మాట చెల్లదు మామా. రాత ఒక సాక్షి, మట్టి ఒక సాక్షి, ఎముక ఒక సాక్షి. రాత అబద్ధమాడొచ్చు. మట్టి కలిసిపోవచ్చు. ఎముకల డీఎన్‌ఏ మన ఎండలకు చెడిపోవచ్చు, ముట్టుకున్నోళ్ల డీఎన్‌ఏ దాంట్ల కలవొచ్చు. మూడూ ఒక్కటే మాట చెప్తెనే నమ్మాలె. ఆ చోటనే దొరికిన ఇంకో రెండు ఎముకలను కూడా పరీక్షించిండ్రు. అవి మన దేశంల ఉండే వంశరేఖలయి. రాణివని చెప్పి వాటిని కూడా కలిపి ఇయ్యలే గదా.

మామ: ఆగు. నేను అడగాలనుకున్నది అదే. ఆ రెండు బొక్కలు ఎవరివి?

మేనకోడలు: తెలియదు.

మామ: అవి మనోళ్లయి. వాటి కోసం ఏ మంత్రి ఏ విమానం ఎక్కిండు? ఇదే నా బాధ. మీ విద్య పేరున్నోళ్లకే మళ్లా పేరిస్తది. లేనోళ్లు నీ లెక్కల ‘రాణి కాదు’ అని తేల్చెతందుకు పనికొచ్చిండ్రు. బందరుల డచ్చోళ్ల గోరీలు చూసినవా లేదా? రాయి మీద పేరు, తారీఖు, వంశపు గుర్తు అన్నీ చెక్కి ఉన్నయి. అదే బందరుల 1864 నవంబరుల ఉప్పెన వచ్చి ముప్పై వేల మంది పోయిండ్రు. వాళ్ల పేర్లు ఏ రాయి మీదున్నయి?

మేనకోడలు: ఏ రాయి మీదా లేవు. రాతల లేనోడికి ఎముక ఒక్కటే దస్తావేజు, అందుకే ఈ విద్య పేరులేనోళ్లకే ఎక్కువ అవసరమంటున్న. దొరలు తమ గురించి తామే రాసుకున్నరు. ఓడ దించినోడు, గోడ కట్టినోడు, వంట చేసినామె ఏమీ రాసుకోలే. అజ్నాలా సంగతి చూడు. పంజాబుల అమృత్‌సర్ జిల్లా ఊరు అది. 1857ల లాహోర్ దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటు నుంచి తిరగబడ్డ 26వ బెంగాల్ పటాలం సిపాయిలు పట్టుబడ్డరు. ఆగస్టు 1న డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ వాళ్లను పదిమంది పదిమందిగ నిలబెట్టి కాల్పించిండు. బురుజుల కుక్కినోళ్లు కొందరు ఊపిరాడకనే పోయిండ్రు. మొత్తం 282 మందిని ఒక పాడుబడ్డ బాయిల పడేసి పూడ్చిండ్రు. ఈ పని చేసినట్టు కూపరే గొప్పగ పుస్తకంల రాసుకున్నడు.

మామ: చంపినోడు రాసిందే చరిత్ర అయింది.

మేనకోడలు: 2014ల ఊరోళ్లు ఆ బాయి తవ్విండ్రు. ఎముకలు, పళ్లు, నాణేలు, తూటాలు వచ్చినయి. అయితే ఇవి సిపాయిలవి కావు, దేశ విభజన కొట్లాటల పోయినోళ్లయి అనే వాదన కూడా లేచింది. పంజాబ్ యూనివర్సిటీ, సీసీఎంబీ, లక్నోల బీర్బల్ సాహ్ని సంస్థ, బనారస్ యూనివర్సిటీ వాళ్లు కలిసి పని చేసిండ్రు. 50 నమూనాలల్ల డీఎన్‌ఏ చూసిండ్రు, 85 నమూనాలల్ల ఐసోటోపులు చూసిండ్రు. వాళ్లు పంజాబోళ్లు కాదు, గంగా మైదానపోళ్లు, అంటే ఉత్తరప్రదేశ్, బీహార్, బెంగాల్ దిక్కోళ్లు అని 2022ల తేలింది. ఆ పటాలంల ఉన్నది ఆ దిక్కోళ్లే. ఒక్కొక్కరి పేరు దొరకలే. గాని ఏ నేల బిడ్డలో తెలిసింది, విభజన వాదన నిలబడలే.

మామ: ఐసోటోపు అంటివి. పన్ను చూసి ఊరెట్ల తెలుస్తది?

మేనకోడలు: పన్ను పైపూత చిన్నతనంల ఒక్కసారి గట్టిపడితే మళ్లా మారదు. అప్పుడు తాగిన నీళ్లు, తిన్న తిండి దాని గుర్తు దాంట్ల ఉండిపోతది. జొన్న, సజ్జ పెరిగే తీరు వేరు, వరి, గోధుమ పెరిగే తీరు వేరు. వాటిల్ల కర్బనం పాళ్లు వేరుగ ఉంటయి. మన పాలమూరుల జొన్నరొట్టె తిని పెరిగినోడి పన్ను, కృష్ణా డెల్టాల వరి అన్నం తిని పెరిగినోడి పన్ను ఒక్కతీరు ఉండదు. నీళ్లల్ల ఆక్సిజన్ పాళ్లు, రాళ్లల్ల స్ట్రాన్షియం పాళ్లు కూడా జాగను బట్టి మారుతయి. ఎక్కువ ఫ్లోరైడు నీళ్లు తాగినోళ్ల పళ్ల మీద మచ్చలు నల్లగొండల నువ్వే చూసినవ్. కటి ఎముక చూస్తే ఆడో మగో తెలుస్తది, ఎముకల కొసలు కలిసిన తీరు చూస్తే పడుచోళ్ల వయసు తెలుస్తది. బరువులు మోసినోడి వెన్నుపూస ఆ సంగతి చెప్తది.

మామ: బరువు మోసిన వెన్ను సంగతి పాలమూరోళ్లకు చెప్తున్నవా! మనోళ్లు దేశమంత తిరిగి కట్టలు పోసిండ్రు, కాలువలు తవ్విండ్రు. పోయినకాడ పోయినోళ్లు ఎంతమందో. సరే. నువ్వు చెప్పిన అజ్నాలాల కూడా ఊరోళ్లే తవ్విండ్రు. నూటయాభై ఏండ్లు ఎవరూ రాకపోతే తామే పలుగుపార పట్టిండ్రు. వాళ్ల ప్రేమ నీ శాస్త్రానికంటే తక్కువదా?

మేనకోడలు: తక్కువది కాదు. వాళ్లే తవ్వకుంటే ఆ సిపాయిలు ఇంకా బాయిలనే ఉందురు. గాని తొందరల తవ్వితే పోయేది పోతది. ఎముకలు విరిగినయి, కలిసిపోయినయి. ఏ తల ఏ మొండానిదో, ఎవరు మీద, ఎవరు కింద అనేది మళ్లా తెలవదు. పురావస్తు పద్ధతి అంటే మీది పొరను గీకుకుంట, జల్లెడ పట్టుకుంట, ప్రతిదాని జాగ కొలిచి రాసుకుంట పోవుడు. ఒకసారి తవ్విన గుంత రంగు చుట్టూ ఉన్న మట్టి రంగుతోటి కలవదు. పెట్టె కర్ర కుళ్లిపోయినా మొలలు ఎక్కడివి అక్కడనే ఉంటయి, వాటిని బట్టి పెట్టె కొలత తెలుస్తది. అమెరికాల జేమ్స్‌టౌన్ అని ఇంగ్లీషోళ్లు 1607ల కట్టి నిలబెట్టుకున్న తొలి ఊరున్నది. అక్కడి 1608 నాటి చర్చిల దొరికిన నాలుగు సమాధులు ఎవరివో 2015ల చెప్పగలిగిండ్రంటే ఇందుకే. పెద్దోళ్లను పెట్టే చోట పెట్టిండ్రు, వయసులు రికార్డులకు సరిపోయినయి, ఒకరి దగ్గర వెండి జరీ పట్టీ, ఇంకొకరి పెట్టె మీద వెండి డబ్బీ దొరికినయి.

మామ: మళ్లా పెద్దోళ్లే!

మేనకోడలు: అదే ఊర్ల 2012ల ఒక పద్నాలుగేండ్ల పిల్ల పుర్రె, కాలి ఎముక చెత్త పోసిన గుంతల దొరికినయి. పేరు తెలియదు, పరిశోధకులు ‘జేన్’ అని పిలిచిండ్రు. 1609-10 చలికాలం ఆ ఊర్ల ఘోరమైన కరువు. శవాలను తిన్నరని అప్పటోళ్లు కొందరు రాసిండ్రు గాని, నమ్మనోళ్లు చానమంది ఉండిరి. ఆ పిల్ల పుర్రె మీది కత్తిగాట్లను స్మిత్‌సోనియన్ సంస్థల డగ్లస్ ఓస్లీ పరీక్షించి అది నిజమే అని చెప్పిండు. పేరు దొరకలే, జరిగింది దొరికింది. ఏలినోళ్లు గొప్పగ చెప్పుకునే తొలి ఊరు ఎట్లాంటి ఆకలి మీద నిలబడ్డదో ఆ పిల్లే సాక్ష్యం చెప్పింది.

మామ: చెప్పింది, నిజమే. గాని చెప్త అని ఆ పిల్ల ఒప్పుకున్నదా? ఆమె తల్లిని అడిగిండ్రా? నీ పుర్రె ఫోటో లోకమంత చూస్తది అంటే ఏ తల్లి ఒప్పుకుంటది? నాకు శాస్త్రం మీద కోపం లేదు బిడ్డా. చచ్చినోడు కాదనలేడు గాబట్టి ఏమన్నా చెయ్యొచ్చు అనే ధైర్యం మీద కోపం. బతికినన్ని రోజులు వాని కష్టం తీసుకున్నరు. చచ్చినంక వాని బొక్కలు తీసుకొని డబ్బాలల్ల పెట్టి నంబర్లు వేస్తున్నరు. ఈ రెండింటికి తేడా ఏంది?

మేనకోడలు: ఈ ప్రశ్నను నేను దాటిపోలేను. దీనికి రుజువులు నా దగ్గరనే ఉన్నయి. దక్షిణ అట్లాంటిక్ సముద్రంల సెయింట్ హెలెనా దీవి ఉన్నది. బానిసల ఓడల నుంచి విడిపించిన ఆఫ్రికావోళ్లు వేలమంది ఆ దీవిల పోయిండ్రు. విమానాశ్రయం రోడ్డు కోసం 2008ల 325 మందిని బయటికి తీసిండ్రు. మళ్లా మట్టి చేసింది 2022ల. పద్నాలుగేండ్లు డబ్బాలల్లనే ఉన్నరు. కేప్‌టౌన్‌ల 2003ల ప్రెస్ట్‌విచ్ వీధి కాడ ఇల్లు కడ్తుంటే వేల మంది అస్థికలు బయటపడ్డయి. డచ్చి కంపెనీ కాలం నాటి పేదలు, బానిసలు వాళ్లు. ‘మా పెద్దలను మళ్లా కొలతలకు పెట్టనియ్యం’ అని అక్కడి జనం అడ్డం నిలబడ్డరు. పరీక్షలకు అనుమతి ఇయ్యలే. అస్థికలను ఒక స్మారక మందిరంల పెట్టిండ్రు.

మామ: సరిగ్గ చేసిండ్రు. ఇంక నువ్వు వాదించేది ఏమున్నది?

మేనకోడలు: ఉన్నది. ఆ డచ్చి కంపెనీయే బందరుల కోఠీ పెట్టింది. కేప్‌టౌన్‌కు పట్టుకపోయిన బానిసలల్ల కోరమాండల్ తీరమోళ్లు, బెంగాలోళ్లు ఉన్నరని వాళ్ల రికార్డులే చెప్తయి. కన్నోళ్లు పెట్టిన పేరు తీసేసి, ఏదో ఒక పేరు పెట్టి, ఎనకాల ‘వాన్ కోరమాండల్’ అని తగిలించిండ్రు. ఏ ఊరు, ఏ కులం, ఏ తల్లి అన్నది అంతటితో తుడిచిపెట్టుకపోయింది. ప్రెస్ట్‌విచ్ వీధిల దొరికినోళ్లల్ల మన తీరపోళ్లు ఉన్నరో లేరో ఇయ్యాల ఎవరూ చెప్పలేరు. పన్నును అడిగితే తెలుస్తుండె. కేప్‌టౌన్ జనం వద్దన్నరు, వాళ్ల మాటకు దండం పెడత. గాని ఆ మాటతోటి మన దిక్కు తలుపు కూడా పడిపాయె. చచ్చినోడికి ఇద్దరు చుట్టాలు ఉంటరు మామా. వాడు పోయిన జాగల ఉన్నోళ్లు, వాడు పుట్టిన జాగల ఉన్నోళ్లు. రెండో చుట్టం ఎవరో తెలిసేది పరీక్ష చేస్తెనే.

మామ: ఈ మాట గట్టిదే. నాకు జవాబు తోస్తలేదు. గాని ఒకటి అడుగుత. మొదటి చుట్టం ఒప్పుకోకుంటే రెండో చుట్టం పేరు చెప్పి తవ్వుతవా?

మేనకోడలు: తవ్వను. ఒప్పించెతందుకు చూస్త. అది సాధ్యమే అని న్యూయార్క్‌ల రుజువైంది. 1991ల ఆ నగరం నడుమ సర్కారు ఆఫీసు కడ్తుంటే 17, 18 శతాబ్దాల ఆఫ్రికావోళ్ల శ్మశానం బయటపడ్డది. ముందు తొందర తొందరగ తీసిండ్రు. నల్లజాతి జనం రోడ్డెక్కి ఆపిచ్చిండ్రు. తర్వాత హోవర్డ్ యూనివర్సిటీల మైకేల్ బ్లేకీ ఆ పని చేపట్టి, ‘మీకు ఏం తెలవాలె’ అని ముందు ఆ జనాన్నే అడిగిండు. మావోళ్లు ఎక్కడి నుంచి వచ్చిండ్రు, ఎట్ల బతికిండ్రు, ఎట్ల ఎదురు నిలబడ్డరు అని వాళ్లు అడిగిండ్రు. 419 మందిని పరీక్షించి, ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పి, 2003 అక్టోబరుల చెక్కిన పెట్టెలల్ల పెట్టి, ఊరేగించి, అదే జాగల మళ్లా మట్టి చేసిండ్రు. బ్లేకీ బృందం వెన్నులు, భుజాలు చూసి, ఆడోళ్లతోటి కూడా ఎంత బరువు మోపించిండ్రో లోకానికి చెప్పింది. న్యూయార్క్‌ల బానిసత్వం పెద్దగ లేదు అనుకునేటోళ్ల నోరు మూతపడ్డది.

మామ: ఇట్లయితే నాకు అభ్యంతరం సగం పోయింది. గాని సగమే. అడిగెతందుకు వారసులు ఉన్నకాడ అడిగిండ్రు. ఎవరూ లేనికాడ? దిక్కులేని బొందను ఎవరు కావాలంటే వాళ్లు లేపొచ్చా? నా మాట ఏందంటే, దిక్కులేనోడి బొందను అసలే ముట్టొద్దు.

మేనకోడలు: నేను ఒప్పుకోను. దిక్కులేనోడి బొందను నేను ముట్టకుంటే జేసీబీ ముడుతది. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు ఏమైంది? కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి గుర్తు పెట్టి అలంపురానికి తెచ్చిండ్రు. సోమశిల గుళ్లను మీదికి తెచ్చిండ్రు. మంచి పని. మునిగిన ఊర్ల బొందలగడ్డలు మాత్రం నీళ్ల కిందనే ఉన్నయి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అంతట కాలువలు, రోడ్లు, పైపులైన్లు తవ్వుతనే ఉన్నరు. మన చెలకలల్ల రాళ్లు గుండ్రంగ పేర్చిన ఇనుప యుగపు సమాధులు కూడా ఎన్నో ఉన్నయి. ముట్టొద్దు అని నువ్వంటే అవి భద్రంగ ఉండవు, కంకర కింద పోతయి. అడిగే మనిషి లేకపోవుడు అనేది అన్నిటికంటే పెద్ద అగౌరవం.

మామ: పోనీ, నువ్వు తవ్వితే ఏం చేస్తవో ముందు చెప్పు. నాకు మూడు మాటలు కావాలె. ఒకటి, ఏం తెలుసుకునేందుకు తవ్వుతున్నవో ఆ ఊరి భాషల చెప్పాలె. ఊరికే ఉన్నయి గదా అని తియ్యొద్దు. రెండు, తియ్యకముందే మళ్లా ఎక్కడ పెడతవో, ఎన్నడు పెడతవో కాగితం మీద రాయాలె. పద్నాలుగేండ్లు డబ్బాలల్ల పెట్టుడు నడవదు. మూడు, తెలిసింది ముందు ఆ ఊరికి చెప్పాలె, తర్వాతనే పత్రికకు పంపాలె.

మేనకోడలు: మూడింటికి మూడూ ఒప్పుకుంట. గాని నాదొక మాట. మళ్లా మట్టి చేసే ముందు ఒక పన్నో, చెవి లోపలి ఎముక ముక్కో దాచుకోనియ్యాలె. డీఎన్‌ఏ బాగ నిలిచేది అక్కడనే. ఇరవై ఏండ్ల కింద కాని పరీక్ష ఇయ్యాల అయితున్నది. ఇయ్యాల పేరు దొరకనోడికి రేపు దొరకొచ్చు. ఆ అవకాశాన్ని కూడా పాతిపెట్టొద్దు.

మామ: అది నాకు ఇష్టం లేదు. మట్టికి ఇస్తే పూర్తిగ ఇయ్యాలె. ముక్క దాచుకొని మిగిలింది ఇచ్చుడు ఇచ్చినట్టు కాదు.

మేనకోడలు: అయితే ఈ ఒక్కటి మన మధ్య తెగదు.

మామ: తెగకపోని. ఆ ముక్క సంగతి నేను, నువ్వు తేల్చేది కాదు, ఎవరి పెద్దలో వాళ్లు తేల్చాలె. కొన్ని ఊర్లు ఇస్తయి, కొన్ని ఇయ్యవు. ఇయ్యనికాడ నువ్వు చెయ్యి కట్టుకోవాలె, ఇచ్చినకాడ నేను నోరు కట్టుకోవాలె. మిగిలినదాంట్ల మాత్రం నీ మాట కొంత నాకు ఎక్కింది. రేపు మన మండలంల ఏ కాలువ కోసమో, ఏ రోడ్డు కోసమో బొందలగడ్డల ముగ్గు పోస్తే, పంచాయతీల నేనే లేచి అడుగుత. జేసీబీ కంటే ముందు మీలాంటోళ్లు రావాలె, మీ కంటే ముందు ఊరి మాట రావాలె. ఈ వరుస తప్పితే మాత్రం నీకు కూడా నేనే అడ్డం నిలబడత.